కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ కొత్త కారుకు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నేను 30 ఏళ్లు లారీ నడిపాను. అప్పటి బండ్లలో క్లచ్‌కు ఎడమ పక్కన నేల మీద ఉండే బొత్తాన్ని కాలితో నొక్కి లైట్లు డిమ్ చేసేవాళ్లం. ఇప్పుడు కుడిచేతి బొటనవేలు కీళ్లనొప్పితో వంగడం లేదు. రాత్రిపూట ఉదయగిరి రోడ్డులో ఎదురుగా బండి వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ పక్కనున్న స్విచ్‌ను కదపలేకపోతున్నాను. హాలోజన్ బల్బులు, క్లచ్ ఉన్న నా చిన్న కారుకు ఆ పాత స్విచ్ పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పెట్టించుకోవచ్చు. అయితే పాత లారీలో ఉన్న పద్ధతిలో మాత్రం వద్దు. అంబాసిడర్ కార్లలో, విల్లీస్ జీపుల్లో, మీరు నడిపిన లారీల్లో ఆ స్విచ్‌కు మూడు కొసలుండేవి: ఒకదానికి కరెంటు వచ్చి, నొక్కినప్పుడల్లా మిగిలిన రెండింటిలో ఒకదాని నుంచి మరొకదానికి మారేది. అంటే లైట్ల కరెంటు మొత్తం మీ కాలి కిందనుంచే పోయేది. మీ కారులో 60/55 వాట్ల (హైకి 60, డిమ్‌కు 55) బల్బులుంటే, హై బీమ్‌లో రెండూ కలిసి 12 వోల్టుల మీద సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. చెప్పులకంటిన బురద, మన తీరపు ఉప్పుగాలి ఆ స్విచ్ లోపలికి చేరితే కొసలు తుప్పుపట్టి, నొక్కిన క్షణాన రెండు లైట్లూ ఆరిపోవచ్చు.

అందుకే కాలి స్విచ్ రిలేను (చిన్న కరెంటుతో నడుస్తూ పెద్ద కరెంటును మార్చే విద్యుత్ స్విచ్‌ను) మాత్రమే నడపాలి, లైట్ల కరెంటు రిలే గుండా పోవాలి. ఒక్కో లైటుకు ఒక్కో ఐదు కాళ్ల రిలే పెట్టించండి. లో బీమ్‌కు (డిమ్‌కు) వెళ్లే వైరును రిలే మీద 30 అని రాసి ఉన్న కాలికి ఇచ్చి, 87ఎ నుంచి లో బీమ్‌కు, 87 నుంచి హై బీమ్‌కు కలపాలి. మిగిలిన రెండు కాళ్ల మధ్య ఉండి రిలేను నడిపే తీగచుట్టకు కావలసింది ఆంపియరులో అయిదో వంతు మాత్రమే కనుక మీ పాత స్విచ్చే రెండు కొసలతో ఆ పనికి సరిపోతుంది. ఈ అమరికలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఒకటుంది: కాలి స్విచ్ కొసలు కలవకపోయినా, దాని వైరు తెగినా రిలే వెనక్కి వచ్చి లైటు డిమ్‌లో నిలుస్తుంది తప్ప ఆరిపోదు. కాలితో మార్చేటప్పుడు బల్బులోని రెండు ఫిలమెంట్లు (వెలిగే తీగలు) ఒకేసారి వెలిగి బల్బు వేడెక్కే ప్రమాదమూ ఉండదు. అయితే కాలితో హై చేసినప్పుడు మళ్లీ కాలితోనే దించాలి, చేతి స్విచ్ దాన్ని దించలేదు. ఆపేటప్పుడు హైలో వదిలేస్తే తిరిగి లైట్లు వేసినప్పుడూ హైలోనే వెలుగుతాయి.

పని మొదలుపెట్టకముందే ఆటోనగర్‌లో మీ ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో చూపించండి. కొన్ని కార్లలో స్విచ్ ప్లస్‌ను కాక ఎర్త్‌ను కలిపి తెంచుతుంది, అప్పుడు వైరింగ్ మారుతుంది. కొత్త కార్లు చాలావాటిలో చేతి స్విచ్ సంకేతం మాత్రమే ఇస్తుంది, లైట్లను కంప్యూటర్ పెట్టె వెలిగిస్తుంది. అటువంటి కారులో పైన చెప్పిన అమరిక వల్ల దాని హై బీమ్ వైరులోకి కరెంటు వెనక్కి పోయి పెట్టె చెడిపోవచ్చు కాబట్టి ఆ కార్ల బల్బు వైర్ల జోలికి అసలు వెళ్లవద్దు. మీ కారు ఈ రకమైతే ఆలోచన మానుకోమనే చెబుతాను. ఈ రకం కాకపోతే, కంపెనీ వైర్లను కోయకుండా, బల్బుకూ దాని సాకెట్‌కూ మధ్య ఇమిడే జోడింపు సాకెట్లు వాడించండి. వారంటీ మిగిలివుంటే డీలరును ముందే అడగండి.

స్విచ్ బిగించే చోటు విషయంలో తొందరపడకండి. నేలకు రంధ్రం వేస్తే కింద బ్రేకు, పెట్రోలు గొట్టాలుండవచ్చు. ఎడమకాలు ఆనించే మెట్టుకు ఇనుప పట్టీ బిగించి దాని మీద పెట్టించడం మేలు. మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే కూర్చుని, క్లచ్‌ను పూర్తిగా తొక్కి, పాదం అంచు స్విచ్‌కు తగలడం లేదని, కింది మ్యాట్ జరిగి క్లచ్ కిందికి రావడం లేదని చూసుకోండి.

రోడ్డెక్కే ముందు చీకటిలో గోడకెదురుగా కారు నిలిపి, ఇరవైసార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ మీటర్లలో నీలిరంగు దీపం హై బీమ్‌తోపాటే వెలగాలి, ఆరాలి. హై బీమ్‌లో పావుగంట ఉంచాక రిలే సాకెట్‌ను తాకితే గోరువెచ్చగా ఉండవచ్చు, చేయి పెట్టలేనంత వేడెక్కితే వైరు కలిపిన చోటు వదులుగా ఉండవచ్చు.