‘పంపుతాను’ అంటే ఐ సెండా, ఐ విల్ సెండా?

ఇంగ్లీషులోని పన్నెండు టెన్స్‌ల పట్టిక నోటికి వచ్చినా, మెయిల్ రాయబోతే ఏది వాడాలో తేలడం లేదని మీరు అడిగారు. నాదీ తెలుగు మీడియమే, ఆ పట్టిక నేనూ బట్టీ పట్టాను. అసలు చిక్కు ఎక్కడుందో ఉద్యోగంలో చేరాక ఒక మెయిల్ వల్ల తెలిసింది.

అప్పటికి నాలుగు నెలలుగా ప్రతి శుక్రవారం క్లయింట్‌కు రిపోర్ట్ పంపుతున్నాను. వాళ్ల దగ్గర కొత్తగా చేరిన మేనేజర్ నా పనేమిటో రాయమన్నారు. ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ ఎవ్రీ ఫ్రైడే’ అని రాశాను. ‘ఏ వారం నుంచి మొదలుపెడతారు?’ అని జవాబు! చాలా టెన్షన్ పడ్డాను. ఇన్నాళ్లూ ఒక్కటీ పంపలేదని ఆయన అనుకున్నారు.

తెలుగులో ‘రోజూ పంపుతాను’ అన్నా ‘రేపు పంపుతాను’ అన్నా క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో అలవాటుగా చేసేదానికి ‘ఐ సెండ్’, ఇకమీదట చేయబోయేదానికి ‘ఐ విల్ సెండ్’. మన క్రియ ఒక్కటై, వాళ్లకు రెండుగా చీలే చోటే మనం తప్పుతాం. అందుకే పట్టిక పక్కన పెట్టి, ఆ చీలికలనే గమనించడం మొదలుపెట్టాను.

‘పంపాను’ కూడా అంతే. ‘నిన్న’, ‘2019లో’ అని గడిచిపోయిన కాలం చెబితే ‘ఐ సెంట్’. ‘ఐ హావ్ సెంట్ ఇట్ యెస్టర్డే’ అని మనలో చాలామంది రాస్తాం, అది తప్పు. ఎప్పుడన్నది చెప్పకుండా, పంపడం అయిపోయింది, ఇక చూసుకోండి అన్నప్పుడు ‘ఐ హావ్ సెంట్’.

అన్నిటికన్నా ఎక్కువ తడబాటు ‘నుంచి’ దగ్గర. బడిలో రాసిన లీవ్ లెటర్ గుర్తుందా? ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.’ ‘రెండు రోజుల నుంచి బాధపడుతున్నాను’ అన్న మన వాక్యమే అలా ఇంగ్లీషులోకి దిగిపోయింది. ముందెప్పుడో మొదలై ఇంకా సాగుతున్నదానికి ‘ఐ హావ్ బీన్ సఫరింగ్’ అనాలి. పైగా మనకు ‘రెండు రోజుల నుంచి’, ‘సోమవారం నుంచి’ రెండూ ‘నుంచి’తోనే సరిపోతాయి. వాళ్లకు ఎంతకాలమో చెప్పడానికి ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పడానికి సిన్స్. కాబట్టి ‘ఫర్ టూ డేస్’, ‘సిన్స్ మండే’. ఇది నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది, మీకూ కొంత సమయం పడితే కంగారుపడకండి.

ఇప్పటికీ మెయిల్ పంపేముందు క్రియలను మాత్రమే విడిగా ఒకసారి చదువుకుంటాను. మీరు ఈ వారం రాసిన మెయిల్స్ ఓ ఐదు తీసి, ‘విల్’ కనిపించిన ప్రతిచోటా ‘రోజూనా, రేపా?’ అని అడిగి చూడండి.