ఆపాల్సిన మాత్ర వేస్తున్నారు, వెయ్యాల్సిన మాత్ర ఆపేశారు

ఉత్తరం: మాది గుంటూరు, బ్రాడీపేట. మా వారు ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేస్తారు. అమ్మాయికి 23 ఏళ్లు, బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేది. దసరాకి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. గదిలోంచి బయటికి రాదు. తిండి సగానికి పడిపోయింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. స్నానానికి కూడా బతిమాలాలి. నవంబరులో సైకియాట్రిస్టుకి చూపిస్తే డిప్రెషన్ అని చెప్పి పొద్దున ఎస్సిటలోప్రామ్, రాత్రికి రెండు వారాలపాటు క్లోనజిపామ్ రాశారు. పన్నెండు రోజులయ్యాక మా వదినగారు, అంటే మా వారి అక్క, వచ్చి చూసి ‘ఇవి పిచ్చి మందులు, అలవాటైపోతాయి, రేపు పిల్లలు పుట్టరు’ అన్నారు. పొద్దుటిది ఆపేశాం. రాత్రిది వేస్తే నిద్రపోతోందని అదొక్కటే వేస్తున్నాం. పెదకాకానిలో పూజ కూడా చేయించాం. ఇప్పుడు వదినగారే తెనాలి సంబంధం తెచ్చారు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. మిర్చి ధర పడిపోయిన ఏడాది తన నగలు తాకట్టు పెట్టి మమ్మల్ని ఆదుకున్న మనిషి, ఆవిడ మాట కాదనలేను. మా వారు ఏమీ అనరు. అమ్మాయి ఏమో ‘నేను లేకపోతే మీకే హాయి’ అంటుంది విసుగులో. మాఘంలో చూపులకి వస్తామంటున్నారు. మందుల సంగతి వాళ్లకి చెప్పాలా, దాచాలా? (ఓ తల్లి)

జవాబు: అమ్మా, చూపులు ఆపండి. ‘పిల్లకి ఒంట్లో బాగాలేదు, ఈ ఏడాది అనుకోవడం లేదు’ అని తెనాలికి ఒక్క ఫోను చెయ్యండి, చాలు. స్నానానికి లేవలేని పిల్లకి పట్టుచీర కట్టి కొత్తవాళ్ల ముందు కూర్చోబెట్టడం వైద్యం కాదు. పెళ్లి డిప్రెషన్‌కి మందు కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, మారిన నిద్రవేళలు తగ్గిన జబ్బునే తిరగబెట్టగలవు. చెప్పాలా దాచాలా అన్నదానికి చివర్లో రెండు ముక్కలు చెబుతాను. అంతకంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

‘నేను లేకపోతే మీకే హాయి’ అన్న మాట పక్కన మీరు ‘విసుగులో’ అని రాసుకున్నారు. దాన్ని విసుగు కింద కొట్టేయకండి. ఈ ఉత్తరం చదివిన రోజే, ఇంట్లో వేరే ఎవరూ లేని వేళ చూసి, పక్కన కూర్చుని నేరుగా అడగండి: ‘బతకాలని లేదనిపిస్తోందా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నది కూడా అనుకున్నావా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడొద్దు, అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారని చాలామందికి ప్రాణం కుదుటపడుతుంది. జవాబు ఏది వచ్చినా ‘ఛ, అవేం మాటలు’, ‘నీకేం తక్కువ చేశాం’ అనకండి. ఆ మాట వింటే పిల్ల ఇంకెప్పుడూ నోరు విప్పదు. ‘నాకు చెప్పావు, మంచి పని చేశావు’ అనండి. ఎలా అన్నదాకా ఆలోచించి ఉంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకండి, గది తలుపు గడియ పెట్టుకోనివ్వకండి, అదే రోజు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. రాత్రి పూట ఏం చెయ్యాలో తోచకపోతే టెలిమానస్ నంబరు 14416కి చెయ్యండి. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఫోను సేవ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీరూ చెయ్యొచ్చు, అమ్మాయీ చెయ్యొచ్చు.

మిర్చి రైతు ఇంట్లో మెట్ల కిందో మేడమీదో పురుగుమందు డబ్బాలు ఉండకుండా ఉండవు. వాటిని ఈ రోజే పొలానికి పంపించి అక్కడ తాళం వేయించండి. మీ వారు ఏమీ అనరని రాశారు కదా, ఈ పని ఆయనకి అప్పగించండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పెద్దవాళ్ల బీపీ మాత్రలతో సహా, బీరువాలో పెట్టి తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. అమ్మాయి మందులు ఏ పూటవి ఆ పూట మీ చేత్తో ఇవ్వండి. చావాలనే ఉధృతి చాలాసార్లు కాసేపు ఉండి దిగిపోతుంది. ఆ కాసేపట్లో చేతికి ఏదీ అందకుండా ఉండటం చాలా ప్రాణాలు కాపాడుతుంది.

ఇక మాత్రలు. మీ ఇంట్లో తిరగేసి నడుస్తోంది వ్యవహారం. వదినగారు భయపడ్డ అలవాటు ఎస్సిటలోప్రామ్‌తో రాదు. అది డిప్రెషన్ తగ్గించే మందు, మత్తు కోసం రోజురోజుకీ ఎక్కువ కావాలనిపించేది కాదు. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం ఉండొచ్చు, అందుకే డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. నిజంగా అలవాటయ్యేది మీరు ఉంచేసిన రాత్రి మాత్ర, క్లోనజిపామ్. దాన్ని రెండు వారాలకే రాయడంలో ఉద్దేశం, పొద్దుటి మందు పనిచేయడం మొదలయ్యేదాకా నిద్రకి ఆసరా ఇవ్వడం. నవంబరు నుంచి ఇప్పటిదాకా రోజూ పడిందంటే రెండు నెలలు దాటింది. పాత చీటీ చూసి ఇచ్చేస్తున్న మందుల షాపు తప్పు కూడా ఇందులో ఉంది. అలాగని ఈ రాత్రే మానిపించకండి. ఇన్నాళ్లు వేసిన మందు ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్సు కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కన కొన్ని వారాల్లో కొంచెం కొంచెంగా దించాలి.

ఎస్సిటలోప్రామ్ పన్నెండు రోజుల్లో ఏం చెయ్యగలదు? మొదటి వారం పది రోజుల్లో కనిపించేవి కష్టాలే: కడుపులో వికారం, తలనొప్పి, లోపల కాస్త గాభరా. మేలు కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మీరు కష్టం అంతా పడనిచ్చి, ఫలితం వచ్చే వేళకి ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మీ అంతట మీరు వేయకండి. ఇంత విరామం తర్వాత తక్కువ మోతాదు నుంచి ఎక్కించాల్సి రావచ్చు. 25 ఏళ్లలోపు వాళ్లలో ఈ మందులు మొదలెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడూ కొందరికి అసహనం, చావు ఆలోచనలు పెరగొచ్చు. మీ అమ్మాయికి 23. అందుకని మొదటి నెల కళ్లల్లో వత్తులు వేసుకుని చూడండి. పిల్ల కుదురుగా కూర్చోలేకపోతున్నా, మాట తీరు మారినా వెంటనే డాక్టరుకి ఫోను చెయ్యండి. తగ్గిందనిపించాక కూడా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ‘బాగానే ఉందిగా’ అని అప్పుడే మానేసేవాళ్లకి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పిల్లలు పుట్టరన్న మాట నిజం కాదు. గర్భం అనుకున్నప్పుడు ముందుగా డాక్టరుతో మాట్లాడుకోవాలి, అంతే.

ఇదంతా ఆ డాక్టర్నే అడిగి ఉంటే పన్నెండో రోజునే తెలిసేది. మీరు వదినగారి మాట విన్నారు. మీ అసలు చిక్కు ఇక్కడ ఉంది, తెనాలిలో కాదు.

కష్టకాలంలో నగలు తాకట్టు పెట్టి ఇచ్చిన మనిషిని గౌరవించాల్సిందే. బాకీ ఇంకా ఉంటే వడ్డీతో సహా తీర్చండి. పండక్కి పిలిచి చీర పెట్టండి. ఆవిడకి అనారోగ్యం వస్తే వెళ్లి దగ్గరుండి చాకిరీ చెయ్యండి. ఆ రుణం మీదీ మీ ఆయనదీ. దాన్ని పిల్ల మందులు ఆపి, పిల్ల పెళ్లి ఒప్పుకుని తీర్చే హక్కు మీకు లేదు. వదినగారిని దుర్మార్గురాలని నేను అనడం లేదు, ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పారు. తెలియని విషయంలో ఆవిడ మాటకి తలూపడం మీ బలహీనత. ఉత్తరం మొత్తంలో ‘నేను అనుకున్నాను’ అన్న మాట ఎక్కడా లేదు. ఈసారి వస్తే ఇంత అంటే సరిపోతుంది: ‘వదినా, మీరు చేసిన మేలు మర్చిపోను. పిల్ల మందుల విషయం మాత్రం డాక్టరుగారూ మేమూ చూసుకుంటాం.’ సంజాయిషీ చెప్పకండి, వాదించకండి. కోపం వస్తే వస్తుంది, నాలుగు రోజులకి పోతుంది. పిల్ల ఎదురుగా మాత్రం ఈ చర్చ వద్దు. ‘పిచ్చి మందులు’ అన్న మాట అమ్మాయి చెవిన పడే ఉంటుంది, మందు మింగిన ప్రతిసారీ అది గుర్తొస్తూ ఉంటుంది.

పెదకాకాని వెళ్లినందుకు నాకేం అభ్యంతరం లేదు. మీ మనసుకి ధైర్యంగా ఉంటే మళ్లీ వెళ్లండి. అమ్మాయిని మాత్రం బలవంతంగా తిప్పకండి, పూజ ఉందని ఆసుపత్రి రోజు మార్చకండి.

డిప్రెషన్ అంటే బద్ధకమనీ, హైదరాబాద్ నుంచి వచ్చిన పొగరనీ మీ ఇంట్లో ఎవరైనా అనుకుంటుంటే కొలత చెబుతాను. రెండు వారాలపాటు, దాదాపు రోజంతా, మనసు దిగులుగా ఉండటం గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండాలి. వాటితో కలిపి నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, నేను పనికిరానిదాన్నన్న భావం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, చావు ఆలోచనలు, ఇలా తొమ్మిదింటిలో కనీసం ఐదు కనిపించి రోజువారీ జీవితం కుంటుపడితే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, పొద్దుట పూట మరీ బరువుగా ఉండటం ఈ జబ్బులో తరచూ చూసేవే. ‘లే, నలుగురిలో తిరుగు, అదే పోతుంది’ అంటే లేవలేకపోవడమే ఆ జబ్బు.

ఈ సోమవారం లోపు పాత డాక్టరు దగ్గరికే వెళ్లండి. కుదరకపోతే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి: ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఎప్పుడు ఆగింది, రాత్రి మాత్ర ఎంత మోతాదు, ఎన్ని గంటల నిద్ర, బరువు ఎంత తగ్గింది. మందు ఆపింది మేమేనని దాచకుండా చెప్పండి, లేకపోతే ఆ మందు పనిచెయ్యలేదనుకుని డాక్టరు వేరేది రాస్తారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించకపోయి ఉంటే అడగండి. థైరాయిడ్ హార్మోను తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాంటి నీరసమే ఉంటుంది. ఇంకొకటి, గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, విపరీతంగా ఖర్చు పెడుతూ హుషారుగా ఉందా? మీ వైపు గానీ మీ వారి వైపు గానీ ఎవరికైనా అలా ఉండేదా? ఉంటే తప్పకుండా చెప్పాలి. అది బైపోలార్, అంటే దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు కావచ్చు, దానికి ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే పరిస్థితి ఆ అతి హుషారు వైపు తిరిగి ముదరొచ్చు. లోపల కాసేపు అమ్మాయిని డాక్టరుతో ఒంటరిగా వదలండి. ఉద్యోగం ఎందుకు మానేసిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదంటే, మీకు చెప్పలేనిది ఏదో ఉండి ఉండొచ్చు.

సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. సాధారణంగా వారానికోసారి ముప్పావు గంట, ఎనిమిది నుంచి పదహారు వారాలు. మందుతో పాటు ఇదీ ఉంటే మేలు. క్లినికల్ సైకాలజిస్టు అయితే, వాళ్లని నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగడంలో తప్పు లేదు.

ఇంట్లో చెయ్యాల్సింది తక్కువే. ఎప్పుడు పడుకున్నా సరే, లేచే వేళ ఒకటే ఉండాలి, ఆరున్నర అనుకోండి. లేచాక ఇరవై నిమిషాలు ఎండలో నడక, మొదట్లో మేడమీదైనా సరే, తర్వాత స్టేడియం దాకా. మీరో మీ వారో పక్కన నడవండి, సలహాలు మాత్రం ఇవ్వకండి. పగటి నిద్ర అరగంట దాటొద్దు, సాయంత్రం నాలుగు తర్వాత టీ కాఫీలు వద్దు. స్నానం చెయ్యి, గది సర్దు, బంధువులకి ఫోను చెయ్యి అని పది చెప్పకుండా రోజుకి ఒక్క చిన్న పని అనుకోండి. మనసు బాగుపడ్డాక పని చేద్దామంటే ఆ రోజు రాదు. పని కాస్త జరిగితే మనసు మెల్లగా వెనకాల వస్తుంది.

మీరడిగిన ప్రశ్నకి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం తన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అమ్మాయిది. తను చెప్పమనకుండా మీరూ వదినగారూ ఊళ్లో ఎవరికీ చెప్పకండి. పెళ్లి దగ్గర మాత్రం దాచడం తప్పు, ప్రమాదం కూడా. ముఖ్యమైన విషయం దాచారని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు చెయ్యమని అవతలివాళ్లు కోర్టుకి వెళ్లొచ్చు. అంతకు ముందే, కాపురంలో మందు దాచుకుని వేసుకోలేక మానేస్తుంది. తను కోలుకుని, తనే పెళ్లి కావాలన్న రోజున, ఆ అబ్బాయితో తనే చెబుతుంది. అప్పటిదాకా ఆగలేకపోతే తెనాలివాళ్లు ఇంకో సంబంధం చూసుకుంటారు.