చిన్న స్పీకర్లు కొనేముందు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

పాటలు వినడానికి చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సరిపోతాయా, నిలువెత్తు టవర్లు కొనాలా అని అడిగావు. ఎంవీపీ కాలనీలో మీ హాలు పదకొండు అడుగులకు మించదు. చిన్నవే కొను. డబ్బు మిగులుతుందని చెప్పడం లేదు. అంత చిన్న గదిలో టవర్ల బాస్ (అంటే లోతైన, బరువైన శబ్దం) గోడలకు తగిలి గుయ్యిమంటుంది, పాడేవాళ్ల గొంతు దాని కింద మునిగిపోతుంది.

చిన్న పెట్టెల బలమంతా గొంతు దగ్గరే. 1970లలో బీబీసీ ఇంజనీర్లు తమ ప్రసారాల వ్యాన్లలో పట్టేలా ఎల్‌ఎస్3/5ఎ అనే స్పీకర్ తయారు చేసుకున్నారు. ఎత్తు అడుగు, వూఫర్, అంటే లోతైన శబ్దాలు పలికే గుండ్రటి భాగం, 5 అంగుళాలు. మాట ఉన్నది ఉన్నట్టు వినబడుతోందో లేదో చూసుకోవడానికి చేసినది, ఇప్పటికీ దాన్ని ఇళ్లలో ముచ్చటపడి పెట్టుకునేవాళ్లున్నారు. మంచి జత కుదిరితే కళ్లు మూసుకున్నప్పుడు పాడే మనిషి రెండు పెట్టెల మధ్య కూర్చున్నట్టే ఉంటుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ వేసి చూడు. ఆ కాలపు రికార్డింగుల్లో లోతైన బాస్ ఎలాగూ లేదు, నీకు తగ్గేదేమీ ఉండదు.

తగ్గేది కొత్త సినిమా పాటల్లో. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లోతుగా పలికే తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఐదంగుళాల వూఫర్లు చాలావరకు 60 దాకా వచ్చేసరికే చేతులెత్తేస్తాయి. స్వరం ఒక స్థాయి (ఒక స నుంచి కింది స దాకా) కిందికి దిగి, అంతే గట్టిగా వినపడాలంటే నాలుగింతల గాలిని కదపాలి. వూఫర్‌లో ఊగే అరచేయంత కోను ఎంతని కదుపుతుంది? జగదాంబ థియేటర్లో గుండెకు తగిలే దెబ్బ ఈ పెట్టెల్లోంచి రాదు, ప్రకటనలో ఏం రాసినా సరే. అది లేకపోతే మీ ఆయనకి తోచదంటే తర్వాత ఒక సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే విడి పెట్టె) చేర్చుకోండి. కింద ఫ్లాట్ వాళ్లతో గొడవకు మాత్రం నేను రాను.

సెన్సిటివిటీ అంకె కూడా అడుగు, ఇచ్చిన కరెంటుకి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో అది చెబుతుంది. 82 డెసిబెల్స్ ఉన్నది 88 ఉన్నదానంత గట్టిగా మోగాలంటే యాంప్లిఫయర్ నాలుగింతల వాట్లు ఇవ్వాలి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లు చూసి మురిసిపోకు.

షాపులో సౌండ్ బాగా పెంచి వినిపిస్తారు. పెంచితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. నువ్వు రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఎంత పెట్టుకుంటావో అంతే పెట్టించి, నీకు బాగా తెలిసిన పాటే విను. గొంతు ముక్కుతో పాడినట్టుంటే లేచి వచ్చేయ్.

ఇంటికి తెచ్చాక అసలు పని ఉంది. పుస్తకాల మధ్య ఇరికించకు, టీవీ పక్కన మూలకి నెట్టకు. మూలలో బాస్ ఉబ్బిపోతుంది. పెట్టె వెనక గాలి కన్నం ఉంటే గోడకి కనీసం అడుగు దూరం వదులు. రెండింటి మధ్య ఎంత దూరమో, నీకూ వాటికీ మధ్య ఇంచుమించు అంతే ఉండాలి. మీ ఇంట్లో పాలరాయిలా మెరిసే టైల్సు, ఖాళీ గోడలు. ముందు ఒక జంఖానా పరిచి, కిటికీకి మందపాటి కర్టెన్ వెయ్యి. ఎక్కువ ఖరీదు స్పీకరు కొన్నా ఆ తేడా రాదు.

మన ఊరి ఉప్పుగాలి సంగతి షాపువాళ్లు చెప్పరు. వూఫర్ అంచు ఫోమ్‌ది అయితే తేమకి కొన్నేళ్లలో పొడి రాలిపోతుంది, రబ్బరుది చూసి తీసుకో. వైరు చివర రాగి పచ్చబడితే ఆ ముక్క కత్తిరించి మళ్లీ బిగించుకో. బాల్కనీ తలుపుకి ఎదురుగా మాత్రం పెట్టొద్దు.

ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం, చెవి ఎత్తున ఉండాలి. స్టాండ్లు నాకు తెలిసిన కార్పెంటర్ చేత చేయిస్తాను, షాపువాళ్లు చెప్పే ధరలకు కొనకు. నువ్వు సోఫాలో కూర్చున్నప్పుడు నేల నుంచి నీ చెవి ఎన్ని అంగుళాల ఎత్తున ఉందో టేపుతో కొలిపించుకుని, ఆదివారంలోగా ఫోన్ చెయ్యి.

మీ బాబాయి