బైరాడ్స్ 4ఏ అని వస్తే బయాప్సీ తప్పదా?

మీ అమ్మగారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టులో బైరాడ్స్ (కాన్సర్ అనుమానం ఎంత ఉందో అంకెలో చెప్పే కొలమానం) 4ఏ అని ఉందని, కాన్సర్ అని తేల్చి చెప్పని పరీక్షను నమ్మి బయాప్సీకి, అంటే ముక్క తీసి చేసే పరీక్షకు, వెళ్లాలా అని అడిగారు. వెళ్లమనే చెబుతాను. రెండేళ్ల క్రితం ఇదే సందేహంతో నేను చిత్తూరు నుంచి తిరుపతికి తిరిగాను.

అప్పుడు నా వయసు 41. కుడి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగులుతున్నా, మొదట తీసిన మామోగ్రామ్‌లో ఏమీ కనిపించలేదని, భయం లేదని ఒకచోట పంపించేశారు. మనసు ఒప్పక తిరుపతిలో మరో సర్జన్ గారికి చూపించుకున్నాను. గ్రంథి కణజాలం దట్టంగా ఉన్న రొమ్ము మామోగ్రామ్‌లో తెల్లగా కనబడుతుందని, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది గనుక అందులో కలిసిపోతుందని, చేతికి తగిలే గడ్డను ఆ ఒక్క ఫిల్మ్ చూసి వదిలేయకూడదని ఆవిడ చెప్పి అల్ట్రాసౌండ్ రాశారు. అందులో గడ్డ అంచు ఒకవైపు సవ్యంగా లేదని తేలి, నాకూ 4ఏ వచ్చింది. అలాగని అల్ట్రాసౌండ్ ఒక్కటే చాలదు. సన్నని కాల్షియం రేణువులు మామోగ్రామ్‌లోనే బాగా తెలుస్తాయి.

4ఏ అంటే కాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం కంటే ఎక్కువ, 10 శాతానికి మించదు. 2 శాతం లోపే అనుకుంటే 3 అని రాసి, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ రమ్మంటారు. 5 అయితే 95 శాతం, ఆపైనే. అంటే 4ఏ వచ్చినవారిలో ఎక్కువమందికి చివరికి కాన్సర్ ఉండదు. దాన్ని స్కానింగ్ తప్పుగా చూడకండి. ఏ గడ్డను ముక్క తీసి చూడాలో ఏరి చూపడమే దాని పని, తేల్చేది పాథాలజీ, అంటే ఆ ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష.

నాకు ఆ చోటికి మాత్రమే మత్తు సూది వేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కోర్ బయాప్సీ (లావుపాటి సూదితో సన్నని ముక్కలు తీయడం) చేశారు. నొప్పి కంటే రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులే కష్టంగా గడిచాయి. ఫైబ్రోఅడినోమా, అంటే కాన్సర్ కాని గడ్డ, అని వచ్చింది. అయినా స్కానింగ్‌లో కనిపించిన దానికి ఈ ఫలితం సరిపోతోందో లేదో ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. పొంతన లేకపోతే సూది గడ్డకు తగలలేదేమోనని మళ్లీ చేయవలసి వస్తుందట. అమ్మగారి పాత ఫిల్ములు కూడా తీసుకువెళ్లండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, ఫలితం వచ్చిన రోజున ఈ పొంతన గురించి తప్పకుండా అడగండి.