దుకాణాల రిపేరు ఎవరికిస్తున్నారు, దేనికిస్తున్నారు?

ప్రశ్న: మాకు కింద ఆరు మడిగెలు, పైన రెండు ఆఫీసులున్న పాత బిల్డింగ్ ఉంది. కట్టి ముప్పై ఐదేళ్లు దాటింది. పైస్లాబు ఉరుస్తోంది. ఆఫీసుల్లో పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచాం. ఒకాయన మొత్తం గుత్తకు 4 లక్షల 20 వేలన్నాడు, ఇంకొకాయన 6 లక్షల 80 వేలు. మూడో ఆయన అడుగు లెక్కన చేస్తానంటున్నాడు. ఎవరికివ్వాలి? (భవన యజమాని, హనుమకొండ)

జవాబు: ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పలేదు, కాబట్టి వాటిని పోల్చడం కుదరదు. 4 లక్షల 20 వేలు చెప్పినాయన ఊడిన చోట సిమెంటు పూసి, పైన ఒక కెమికల్ కోటు కొట్టి పోతాడేమో. అది మూడేళ్లు కూడా ఆగదు.

ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, అతనికి విడిగా ఫీజిచ్చి, స్లాబు కింది భాగమంతా చిన్న సుత్తితో కొట్టించి చూడండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినచోట డొల్ల చప్పుడొస్తుంది. డొల్ల ఉన్న ప్రతిచోటా సుద్దతో గీత గీయించి, కొలిచి, చదరపు అడుగుల్లో రాయించండి. కంటికి కనిపించే పెచ్చులకంటే ఈ లెక్క రెండు మూడింతలు రావడం మామూలే. గుత్త ధర చెప్పినవాళ్లు చూసింది కంటికి కనిపించినంతే.

తర్వాత ఒక కాగితం మీద పనులన్నీ వరుసగా రాసి, పరిమాణం వేసి, రేటు గడి ఖాళీగా ఉంచి ముగ్గురికీ అదే కాగితం ఇవ్వండి. పెచ్చుల రిపేరుకు ఈ వివరాలు తప్పక ఉండాలి. చెక్కే ముందు కింద జాకీలు పెట్టడం. తుప్పు పట్టిన చువ్వ వెనక ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా కాంక్రీటు తీసేయడం, చువ్వ చుట్టూ వేలు తిరగాలి. తీగ బ్రష్‌తో తుప్పు రాల్చి తుప్పు నిరోధక ప్రైమర్ పూయడం. పాతదానికి కొత్తది అంటుకునేలా పూసే బాండింగ్ కోటు తడి ఆరకముందే, పాలిమర్ కలిపిన మోర్టార్ (సిమెంటు, ఇసుక మాలు) వేయడం. అదీ ఒక్కసారిగా కాదు, అర అంగుళం మించని పొరలుగా. లోతు రెండంగుళాలు దాటితే మోర్టార్ కాదు, సందుల్లోకి దానంతటదే పారే మైక్రో కాంక్రీటు పోయాలి.

చువ్వ వెనక చెక్కడమన్నది చాలామంది ఎగ్గొట్టే పని. ముందువైపు మాత్రం గీకి పూసేస్తే వెనక తుప్పు ఉబ్బుతూనే ఉంటుంది, కొత్త మాలును అదే నెట్టేస్తుంది. చువ్వ మందం కూడా కొలవండి. 12 మి.మీ. చువ్వ 10 మి.మీ.కు దిగిందంటే దాని అడ్డుకోతలో 31 శాతం పోయినట్టు. అలాంటి చోట పక్కన కొత్త చువ్వ కట్టాలి, పాడైన భాగానికి రెండు వైపులా రెండేసి అడుగులు అతుకు ఉండాలి. కొత్త చువ్వ రేటు కిలోల్లో అడగండి. 12 మి.మీ.ది మీటరుకు 0.89 కిలో, 10 మి.మీ.ది 0.62 కిలో. ఈ లెక్క మీ దగ్గరుంటే బిల్లులో తూకం పెరగదు.

వరుస కూడా ముఖ్యం. ముందు పైన నీళ్లు ఆపాలి, ఆ తర్వాతే కింద రిపేరు. పైన పాత పొరల మీదే ఇంకో పొర పోస్తానంటే ఒప్పుకోకండి. రెండంగుళాల కాంక్రీటే చదరపు అడుగుకు సుమారు 11 కిలోల బరువు, ఇప్పటికే అలసిన స్లాబు మీద అది పెట్టకూడదు. పాతది తీసి, పగుళ్లు వి ఆకారంలో కోసి పూడ్చి, వాటం సరిచేసి, పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో గోలా (గుండ్రటి సిమెంటు అంచు) కట్టి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. వాటం వందకు ఒకటి: 30 అడుగుల పొడవుకు మూడున్నర అంగుళాలు. ఉరవడం ఎక్కువగా మొదలయ్యేది గోలా దగ్గర, నీటి గొట్టం నోటి దగ్గర. స్లాబు మధ్యలో కాదు.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక పైన రెండంగుళాల నీళ్లు కట్టి 48 గంటలు ఉంచాలని రాయించండి. కానీ కింద చువ్వల రిపేరు ఇంకా కాలేదు కాబట్టి జాకీలు లేకుండా ఈ పరీక్ష వద్దు. వెయ్యి చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్లంటే 4,700 లీటర్లు, నాలుగు టన్నుల పైమాట.

రేట్లు సరిచూసుకోవడానికి ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖల ఎస్‌ఎస్‌ఆర్ పుస్తకం, అంటే ఒక్కో పనికి శాఖ కట్టిన రేట్ల పట్టిక ఉంది. చిన్న పనికి మార్కెట్ రేటు దానికంటే ఎక్కువే ఉంటుంది గానీ, ఏ పనికి ఏమేం కలుపుతారో తెలుస్తుంది. మీ ముగ్గురిలో అడుగు లెక్కన చేస్తానన్నాయనే మీకు పనికొచ్చేలా ఉన్నాడు, పరిమాణం మీరు రాసిస్తేనే సుమా.

ప్రశ్న: కాంట్రాక్టర్ సగం డబ్బు అడ్వాన్సు అడుగుతున్నాడు. సామాను కొనాలంటున్నాడు. (మెడికల్ షాపు యజమాని, కరీంనగర్)

జవాబు: సగం ఇస్తే పని మీద మీ పట్టు సగం పోయినట్టే. పదో వంతు బయానా చాలు. సామానుకు విడిగా ఇవ్వొచ్చు, కానీ అది మీ చోటుకు దిగాక, బిల్లు చూసి, దాని విలువలో ముప్పావు వంతు. మిగిలింది పని కొలిచాక. పదిహేను రోజులకోసారి కొలతలు రాసి ఇద్దరూ సంతకం చేసే పుస్తకం పెట్టండి. ప్రతి బిల్లులో 5 శాతం పట్టి ఉంచి, ఒక పూర్తి వానాకాలం దాటాక ఇస్తానని ఒప్పందంలోనే రాయండి. వాటర్‌ప్రూఫింగ్‌కు పదేళ్ల గ్యారంటీ కార్డు ఇస్తామంటారు. చేతిలో ఉన్న 5 శాతమే దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

కూలీలకు ప్రమాద బీమా పాలసీ ఉందా, దాని గడువు మీ పని పూర్తయ్యేదాకా ఉందా అని కాగితం అడిగి చూడండి. అడ్డా మీద నుంచి ఏ రోజుకారోజు మనుషుల్ని తెచ్చే మేస్త్రి దగ్గర ఇది సాధారణంగా ఉండదు.

ప్రశ్న: గిలాబు (ప్లాస్టరింగ్) కొలతల్లో తలుపులు, షట్టర్లు తీసేయాలా వద్దా? మేస్త్రి తీసేయనంటున్నాడు. (కిరాణా వర్తకుడు, జనగామ)

జవాబు: దీనికి ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. రెండు వైపులా ఒకే గిలాబు చేసే గోడలో అర చదరపు మీటరు, అంటే సుమారు 5.4 చదరపు అడుగుల లోపు ఖాళీకి ఏమీ తీయరు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్లు, అంటే 32 చదరపు అడుగుల దాకా ఒక వైపు మాత్రమే తీస్తారు, ఖాళీ చుట్టూ గోడ మందం మీద చేసే అంచుల గిలాబు విడిగా కలపరు. అంతకు మించితే రెండు వైపులా తీసి అంచులు కలుపుతారు.

కిరాణా కొట్టు ముందు గోడ 12 అడుగులు, ఎత్తు 11 అనుకోండి. రెండు వైపులా కలిపి 264 చదరపు అడుగులు. దానిలో 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు షట్టరుంటే రెండు వైపులా 160 పోవాలి. తొమ్మిదంగుళాల గోడ అంచులు మూడు వైపులా 26 అడుగులు, అంటే 19.5 చదరపు అడుగులు కలపాలి. మీరు డబ్బు కట్టాల్సింది 123.5కి. తీయకపోతే రెండింతల కంటే ఎక్కువ కడతారు. అదే 3.5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపైతే 24.5, ఒక వైపే తీస్తారు. అక్కడ మాత్రం మీ మేస్త్రి వాదనలో సగం న్యాయముంది. ఈ నియమం ముందే రాసుకుంటే తగువుండదు.

ప్రశ్న: రెండు మడిగెల మధ్య గోడ తీసి ఒకటి చేయాలి. అనుమతి కావాలా? (ఫ్యాన్సీ షాపు, వరంగల్ స్టేషన్ రోడ్డు)

జవాబు: రంగు, గిలాబు, టైల్స్‌కు అక్కర్లేదు. బరువు మోసే గోడ తీయడం నిర్మాణంలో మార్పు, దానికి కార్పొరేషన్ అనుమతి, ఇంజనీరు డ్రాయింగ్ రెండూ కావాలి. పాత బజారు కట్టడాల్లో పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల, పధ్నాలుగు అంగుళాల గోడల మీదే స్లాబు కూర్చున్నవి చాలా ఉంటాయి. పిల్లరు ఉన్నట్టు గోడలో ఉబ్బు కనిపించినా నమ్మొద్దు, పక్కన గిలాబు కొద్దిగా గీకి చూడండి. బరువు మోసే గోడే అయితే రెండు వైపులా జాకీలు బిగించి, ఉక్కు దూలం పెట్టి, దాని చివరలు ఉక్కు ప్లేటు మీద కూర్చోబెట్టి, దూలం పైన మిగిలిన సందును, ఆరాక కుంచించుకుపోని గ్రౌట్‌తో (పలచటి సిమెంటు మాలుతో) నింపి, అది గట్టిపడ్డాకే గోడ ముక్కలు ముక్కలుగా తీయాలి. ఒక్క పూటలో తీసేస్తానన్న కాంట్రాక్టర్‌ను పంపించేయండి.

ప్రశ్న: బిల్లు మీద జీఎస్టీ వేస్తే అది తిరిగి రాదా? టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా పట్టాలట. (హోల్‌సేల్ వర్తకుడు, వరంగల్)

జవాబు: పని, సామాను కలిపి చేసే ఇలాంటి కాంట్రాక్టు మీద జీఎస్టీ 18 శాతం. మీకు జీఎస్టీ నంబరు ఉండి, ఈ ఖర్చును మీ లెక్కల్లో మరమ్మతు కింద రాస్తే క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గించుకోవచ్చు. అదే భవనం విలువలో కలిపి ఆస్తిగా చూపిస్తే రాదు. కాబట్టి పెచ్చుల రిపేరు, కొత్త గది ఒకే బిల్లులో కలపనీయకండి. నిరుడు మీ వ్యాపారం కోటి రూపాయలు దాటితే, ఒక బిల్లు 30 వేలు గానీ ఏడాది మొత్తం లక్ష గానీ మించినప్పుడు వ్యక్తికి 1 శాతం, సంస్థకు 2 శాతం టీడీఎస్ పట్టాలి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మొదటి చెల్లింపుకు ముందే పాన్ కాపీ తీసుకోండి. టైల్స్, గ్రానైట్ మీరే నేరుగా కొంటే దాని బిల్లు మీ పేరునే రావాలి, కాంట్రాక్టర్ పేరున వచ్చిన బిల్లు మీకు లెక్కలోకి రాదు.