ఇంట్లో మెడిటరేనియన్ బర్గర్ చేస్తే ప్యాటీ విరిగిపోతోంది, బన్ నానిపోతోంది, ఏం చేయాలి?

మీరు ప్యాటీలో వేసేవాటి లిస్టు చదవగానే నా మొదటి ప్రయత్నం గుర్తొచ్చిందండి. ల్యాంబ్ ఖీమాలో ఫెటా (గ్రీస్ చీజ్), ఆలివ్స్, ఎండు టమాటా, పాలకూర, ఉల్లిపాయ అన్నీ కలిపి ప్యాటీ చేస్తే పెనం మీదే విరిగిపోతోంది, ట్సాట్సికీ (పెరుగు, కీరాతో చేసే గ్రీక్ సాస్) వేయగానే బన్ నానిపోతోంది, ఇంత చేసినా ఏ రుచీ తేలట్లేదు, ఇదేగా మీ సమస్య. నేనూ అచ్చం ఇలాగే అన్నీ ప్యాటీలోకే వేసేశా, అదీ మా అక్క వాళ్ళు భోజనానికి వచ్చిన రోజు. నాలుగు ప్యాటీలు వేస్తే తిప్పేసరికి నాలుగూ ముక్కలయ్యాయి, పెనంలో నీళ్ళు ఊరి మాంసం వేగాల్సింది ఉడకడం మొదలెట్టింది, చివరికి ఆ ఖీమానే పీటా బ్రెడ్‌లో పెట్టి ఇచ్చా. ఆ తర్వాత రెండేళ్ళుగా దాదాపు ప్రతి నెలా చేస్తున్నా కాబట్టి నాకు అర్థమైనంతవరకు చెప్తా.

మీ మూడు సమస్యల్లో రెండిటికి కారణం నీళ్ళే. మామూలు బర్గర్‌లో ఖీమా, ఉప్పు, మిరియాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మనం ఇక్కడ వేసేవన్నీ నీళ్ళున్నవే, ఉల్లిపాయ, కీరా, టమాటా, పాలకూర, పెరుగు, ఉప్పునీళ్ళలో ఊరిన ఫెటా. పెనం మీద ఆ నీరంతా బయటికొస్తుంది, నీళ్ళు ఉన్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు, మాంసం ఎర్రగా వేగి రుచి రావాలంటే దాదాపు 140 డిగ్రీలైనా కావాలి. అందుకే ప్యాటీ తెల్లగా ఉడికినట్టు అయిపోతుంది, పైన గట్టి పొర పట్టదు, పొర పట్టకపోతే అట్లకాడ పెట్టగానే విరుగుతుంది.

కాబట్టి ఉల్లిపాయని తరగొద్దు, తురమండి. తురిమి గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండండి, చిన్న ఉల్లిపాయ నుంచి కూడా మీరు అనుకోనంత నీరు వస్తుంది. ఆ పిప్పి మాత్రం ఖీమాలో వేయండి, రుచి పోదు, నేను భయపడ్డా గానీ పోలేదు. పాలకూర ప్యాటీలో కావాల్సిందే అంటే వేయించి, చల్లార్చి, బట్టలో పెట్టి పిండి అప్పుడు వేయండి. నేనైతే పాలకూర మానేశా, దానివల్ల ఒరిగేది తక్కువ.

నా కొలత ఇది: అరకిలో ల్యాంబ్ ఖీమాకి పిండిన చిన్న ఉల్లిపాయ ఒకటి, తురిమిన వెల్లుల్లి రెండు రెబ్బలు, ఎండు ఒరేగానో టీస్పూను, సన్నగా తరిగిన పుదీనా రెండు టేబుల్‌స్పూన్లు, జీలకర్ర పొడి అర టీస్పూను, పాలల్లో తడిపి పిండిన పాత బ్రెడ్డు స్లైసు ఒకటి. దీంతో నాలుగు ప్యాటీలొస్తాయి. ఒరేగానో మాత్రం ఎండుదే వాడండి, ఈ వంటల్లో పచ్చిదానికన్నా ఎండుదే ఘాటుగా, వేడికి నిలబడేలా ఉంటుంది. గ్రీస్‌లో బిఫ్‌తేకీ అని చేసే ప్యాటీల్లో కూడా ఇలాగే తడిపిన బ్రెడ్డు వేస్తారు, అది మాంసంలోంచి వచ్చే రసాన్ని పట్టి ఉంచుతుంది, అందుకే ప్యాటీ బాగా ఉడికినా ఎండిపోదు. ఖీమాలో కొవ్వు 20 శాతం దాకా ఉండాలి. మరీ కొవ్వు లేనిది తెచ్చుకుంటే నేను ఒక టేబుల్‌స్పూను ఆలివ్ ఆయిల్ కలుపుతా, కొంత పనిచేస్తుంది.

ఎంతసేపు కలపాలి అనే దాని మీద రకరకాలుగా చెప్తారు. ఉప్పు మాంసంలో ప్రోటీన్‌ని కరిగించి జిగురులా చేస్తుంది, ఆ జిగురే ప్యాటీని పట్టుకుంటుంది, కానీ ఎక్కువసేపు పిసికితే సాసేజ్‌లా బిగుసుకుపోతుంది. టర్కీలో కోఫ్తాకి కావాలనే బాగా పిసుకుతారు, అమెరికన్ బర్గర్‌కి అసలు పిసకొద్దంటారు. మనది ఉల్లిపాయ, ఆకులు ఉన్న ప్యాటీ కాబట్టి అసలు పిసక్కపోతే నిలబడదు, నేను రెండు నిమిషాలు కలిపి ఆపేస్తా. బన్ కన్నా ఒక సెంటీమీటరు వెడల్పుగా చేసి, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కి (లేకపోతే వేగేటప్పుడు మధ్యలో ఉబ్బుతుంది), ఫ్రిజ్‌లో అరగంట పెడతా. ఈ అరగంట మానేసిన రోజు తేడా కచ్చితంగా కనిపిస్తుంది, దయచేసి మానకండి.

ఫెటా సంగతి. ప్యాటీలో పొడిపొడిగా కలిపితే ఆ ముక్క ఉన్న ప్రతి చోటా ఒక బీట పడుతుంది, విరిగేది అక్కడే. ఫెటా మోజరెల్లాలా కరిగి సాగదు, కాబట్టి దాంతో మాంసం అతుక్కుంటుందనుకోవడం తప్పు. కావాలంటే ఒక చిన్న ముక్కని తుడిచి ప్యాటీ మధ్యలో పెట్టి చుట్టూ మూసేయండి, లేదా దించాక పైన వేయండి, నాకు రెండోదే ఇష్టం. కొనేటప్పుడు ఉప్పునీళ్ళలో ఉన్న గడ్డ కొనండి, పొడి చేసి అమ్మేది ఎండిపోయి ఉంటుంది. యూరప్‌లో ఫెటా అనే పేరు 2002 నుంచి గ్రీస్‌లో చేసినదానికే రిజర్వ్ చేశారు, అది గొర్రెపాలతో చేస్తారు, మేకపాలు 30 శాతం వరకు కలపొచ్చు, ఆవుపాలతో చేసినవాటికి ఆ పులుపు ఉండదు. వేడి వేడి చీజ్ ముక్కే కావాలంటే సైప్రస్ వాళ్ళ హల్లూమీ తీసుకోండి, దాన్ని తయారుచేసేటప్పుడే పాలవిరుగుడు నీళ్ళలో వేడిచేస్తారు కాబట్టి పెనం మీద కరక్కుండా ఎర్రగా వేగుతుంది.

వేయించేటప్పుడు పెనం బాగా కాలాలి, ఇనుప పెనం అయితే ఇంకా మంచిది. ఉప్పు ఎంత అని అడిగితే, అరకిలోకి ముప్పావు టీస్పూను దాటకండి, పైన ఫెటా, ఆలివ్స్ ఎలాగూ ఉప్పగానే ఉంటాయి. ప్యాటీ వేశాక మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు, నొక్కొద్దు, పొర కట్టాక దానంతటదే పెనాన్ని వదులుతుంది, వదల్లేదంటే ఇంకా టైమ్ కాలేదని. లోపల ఎంత ఉడికిందో రంగు చూసి చెప్పలేం, థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీలు రావాలి, చికెన్ లేదా టర్కీ కోడి ఖీమా అయితే 74. స్టేక్‌ని లోపల ఎర్రగా ఉంచినట్టు దీన్ని ఉంచడం మంచిది కాదండి, ఎందుకంటే స్టేక్‌కి బ్యాక్టీరియా పైపైనే ఉంటుంది, ఖీమా కొట్టేటప్పుడు అది లోపలికంతా కలిసిపోతుంది. పిల్లలకి పెట్టేటప్పుడు నేను దీని విషయంలో అస్సలు రాజీపడను.

ఇప్పుడు బన్. ట్సాట్సికీకి కీరా తురిమి, ఉప్పు చల్లి, పావుగంట ఆగి, బట్టలో వేసి పిండేయండి. పెరుగు మామూలుది అయితే పలచటి బట్టలో కట్టి రెండు మూడు గంటలు వేలాడదీయండి, గ్రీక్ యోగర్ట్ అయితే ఈ పని తప్పుతుంది. వెల్లుల్లి, నిమ్మరసం, ఆలివ్ ఆయిల్, సోయాకూర (డిల్ ఆకు) కలిపి, స్పూన్‌తో తీస్తే జారకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. బన్‌ని కోసిన వైపు ఆలివ్ ఆయిల్ రాసి పెనం మీద కాల్చండి, ఆ కాలిన పొర దాటి తడి అంత తొందరగా లోపలికి వెళ్ళదు. టమాటా గింజలు తీసేయండి. కాల్చిన ఎర్ర క్యాప్సికం వేస్తే తుడిచి వేయండి. చబాటా లాంటి గట్టి బ్రెడ్డు చూడ్డానికి బావుంటుంది కానీ కొరికితే ప్యాటీ పక్కనుంచి జారిపోతుంది, మెత్తటి బన్ లేదా పీటా మేలు.

ఇక మూడోది, రుచి తేలకపోవడం. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్నది ఒకే వంట కాదు, మీరు అన్ని తీరాలవీ ఒకే బర్గర్‌లో వేస్తున్నారు, అందుకే ఏదీ వినపడట్లేదు. ఒక తీరం ఎంచుకోండి. గ్రీస్ వైపు అయితే ఒరేగానో, పుదీనా, నిమ్మతొక్క, ఫెటా, ట్సాట్సికీ. టర్కీ, లెబనాన్ వైపు అయితే జీలకర్ర, కొంచెం దాల్చినచెక్క, పార్స్‌లీ (కొత్తిమీరలా ఉండే ఆకు), పైన తహీనీ (నువ్వుల ముద్ద) సాస్, సుమాక్ కలిపిన పచ్చి ఉల్లిపాయ. సుమాక్ అంటే ఎండిన పండ్ల పొడి, ముదురు ఎరుపు, పుల్లగా ఉంటుంది, ఉల్లిపాయతో కలిపితే ఘాటు తగ్గి ఎంత బావుంటుందో చెప్పలేను, ఒక్కసారి చేయండి. మొరాకో, ట్యునీషియా వైపు అయితే హరిస్సా (ఎర్ర మిరపకాయల ముద్ద), ధనియాలు, ఉప్పులో ఊరబెట్టిన నిమ్మకాయ తొక్క. తహీనీలో నిమ్మరసం పోయగానే గడ్డకట్టినట్టు అవుతుంది, పాడైందని పారేయకండి, చల్లటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే తెల్లగా మెత్తగా వస్తుంది. నేను మొదటిసారి నిజంగానే పారేశా.

ఎండు టమాటా, ఆలివ్స్ మీకు అంత ఇష్టమైతే ప్యాటీలో కాకుండా రెండిటినీ పార్స్‌లీతో సన్నగా తరిగి పైన ఒక స్పూను పెట్టుకోండి, ఆలివ్స్‌లో గింజలు మాత్రం చూసి తీయండి.

చివర్లో మాంసం లేకుండా అవుతుందా అని కూడా అడిగారు కదా, అవుతుంది, ఫలాఫెల్ (రుబ్బిన శనగలతో చేసే వడ) పద్ధతిలో. డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు వాడితే మాత్రం మళ్ళీ నీళ్ళ సమస్యే, ముద్దలా అయ్యి నూనెలో విడిపోతుంది. ఎండు కాబూలీ శనగలు 12 గంటలు నానబెట్టి, ఉడకబెట్టకుండా, బాగా ఆరబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, పార్స్‌లీ, జీలకర్ర, ధనియాలతో రవ్వలా రుబ్బండి, మరీ మెత్తగా కాదు. పచ్చి శనగల్లో పిండి పదార్థం వేగేటప్పుడు ఉడికి అదే పట్టుకుంటుంది, గుడ్డు అక్కర్లేదు. పలచగా ఒత్తి, కొంచెం ఎక్కువ నూనెలో మీడియం మంట మీద వేయించండి, దీనికి తహీనీ సాసే బాగా కుదురుతుంది.