బొమ్మలు, పుస్తకం, ఫోను: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (ఒక గృహిణి, ఏలూరు): ఇండియన్ ఇంక్‌తో మా ఊరి బొమ్మలు గీస్తుంటాను. ఇన్‌స్టాలో బాగానే చూస్తారు. పుస్తకం వేస్తారా అని ప్రచురణకర్తలను అడిగితే "బొమ్మల పుస్తకాలు కదలవండీ" అన్నారు. సొంతంగా వేసుకోవచ్చా? ఎన్ని కాపీలు?

జవాబు: వేసుకోండమ్మా, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు పిల్ల కథను ప్రచురణకర్తలు కాదంటే 1901 డిసెంబరులో సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంది, మరుసటి ఏడాది ఒక పెద్ద సంస్థే దాన్ని రంగుల్లో వేసింది. మీకూ అలాగే జరుగుతుందని కాదు, ఆవిడ మొదట వేయించింది 250 కాపీలే అన్నది గుర్తుపెట్టుకోండి. ప్రెస్‌వాళ్ళు "వెయ్యి వేయించండి మేడమ్, రేటు దిగుతుంది" అంటారు. అబద్ధం కాదు, ప్లేట్లు చేసి అచ్చు వేసే ఆఫ్‌సెట్‌లో ఎన్ని వేసినా ఆ ప్లేట్ల ఖర్చు ఒకటే, కానీ మిగిలినవన్నీ మంచం కింద దాచుకోవాల్సింది మీరే. లైకు కొట్టినవాళ్ళంతా కొంటారని లెక్క వేసుకోకండి, వేలు కదిలినంత తేలిగ్గా చెయ్యి పర్సులోకి పోదు. వంద కాపీలు డిజిటల్‌లో, అంటే ప్లేట్లు లేకుండా నేరుగా ఫైలు నుంచి, వేయించండి, అయిపోతే మళ్ళీ వేయించొచ్చు.

కాగితం దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మ్యాప్‌లితో కాగితం మీద నలుపు దిట్టంగా పడితే వెనక పేజీలో కనబడుతుంది, 100 తీసుకోండి. బొమ్మల్ని ఫోన్ కెమెరాతో కానిచ్చేయకుండా 600 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) తగ్గకుండా, మధ్యలో బూడిదరంగు లేకుండా, ఉత్త నలుపు తెలుపుల్లో స్కాన్ చేయించాలి, లేకపోతే అచ్చులో గీత అంచు సన్న చుక్కలుగా విడిపోయి మీ కలం ఊపంతా పోతుంది. రెండు పేజీల మీదుగా పరిచే బొమ్మలో ముఖాలు నడిమధ్యకు రానివ్వకండి, పేజీల అంచును జిగురుతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ ముక్కూ కళ్ళూ మింగేస్తుంది. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) అంటారా, కేంద్ర విద్యాశాఖ కిందున్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు. ఇప్పిస్తామని వేలు అడిగేవాళ్ళకి ఓ దండం పెట్టండి. ధర వేసేటప్పుడు షాపువాళ్ళ కమిషన్ పోను చేతికేం మిగులుతుందో చూసుకోండి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్): గీద్దామని కూర్చుంటాను, రిఫరెన్స్ కోసం ఫోన్ తీస్తాను, అంతే, రీల్స్‌లో పడిపోతాను. ఫోన్ మానేయాలా సార్?

జవాబు: మానేయమన్నా నువ్వు మానవు, వదిలెయ్. టైమ్ పోవడం ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు నాన్నా. కోడిని గీద్దామని ఫోన్‌లో వెతికితే ఎవరెవరో గీసేసిన కోళ్ళు వస్తాయి, తోక ఎంత వంచాలో, ఏ గీత వదిలేయాలో వాళ్ళే తేల్చేసి ఉంటారు, ఇక నీకు మిగిలేది కాపీ కొట్టడమే. పెరట్లో కోడి అలా కుదురుగా నిలబడదు, మెడ గీసేలోపు అటు తిరిగిపోతుంది, దాంతో ఏది ముఖ్యమో నీ చెయ్యే గబగబా తేల్చుకోవాల్సి వస్తుంది. ఫొటో కావాల్సిందే అంటే నువ్వే తీసి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి పక్కన పెట్టుకో, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. పొద్దున్నే వాట్సాప్ తెరవకముందు ఒక పేజీ గీయి, బాగుందా లేదా అని చూడకుండా తిప్పేయ్. బస్టాండ్‌కి పోతే మోడళ్ళకు కొదవా? కునుకు తీస్తున్నవాళ్ళతో మొదలుపెట్టు, కదలరు. ఇంకోటి, గీసింది ఆ రోజే పోస్ట్ చేయకు, కొన్నాళ్ళు ఆగు. వెంటనే పెడితే లైకులొచ్చిన రకం బొమ్మలే మళ్ళీ మళ్ళీ గీస్తావు, మంచి చెయ్యి ఉన్న పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోవడం చూశాను.

ప్రశ్న (కర్నూలు): టాబ్లెట్‌లో గీసిన బొమ్మల రంగులు ప్రింట్‌లో చచ్చిపోతున్నాయి. ప్రెస్ వాళ్ళ తప్పేనా?

జవాబు: చాలాసార్లు కాదండీ. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్‌కున్నవి నాలుగు సిరాలు. మెరిసే నీలాలు, చిలకపచ్చలు ఆ నాలుగింటితో రావు. మొదటి నుంచే సీఎంవైకే మోడ్‌లో, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోనే, గీసుకోండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు, పుస్తకానికి వాడబోయే కాగితం మీదే ఒక పేజీ ప్రూఫ్ (నమూనా అచ్చు) అడిగి, బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఓకే అనేసి తర్వాత తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.